కింది సగం

పీ అండ్ టీ కాలనీ, దిల్‌సుఖ్‌నగర్
2 జూన్ 2024

చిరంజీవి విశ్వానికి అక్క కుసుమకుమారి దీవెనలు.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే కుదరడం లేదు. ఇక్కడ కుశలం సగమే ఉంది. ఆ సగం సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే రెండు నిమిషాల పని. కానీ నువ్వు పోస్టుమాస్టరుగా రిటైరై మూడేళ్ళయినా, ఉత్తరం రాస్తేనే జవాబిస్తానని భీష్మించుక్కూర్చున్నావు. అందుకని కాగితం ముందేసుకున్నాను.

నా పిచ్చి నీకు తెలుసు. ముప్ఫై ఏళ్ళు బళ్ళో డ్రాయింగు టీచరుగా పిల్లల చేత కుండా, మామిడిపండూ గీయించి, రిటైరయ్యాక ఇటలీ పాత సినిమా పోస్టర్లు పోగేసే పనిలో పడ్డాను. ఇప్పటికి ఇరవై మూడయ్యాయి. ఆ సినిమాలు ఒక్కటీ చూడలేదు, ఆ భాష ఒక్క ముక్క రాదు. స్కూటరు పిల్ల, గుర్రం మామయ్య, ఏడుపు పెళ్ళికూతురు అని నేనే పేర్లు పెట్టుకున్నాను. ఆ రోజుల్లో వాళ్ళు ఫోటోలు అతికించలేదురా, కుంచె పట్టి వేశారు. ఆ ఎరుపు చూస్తే నాకు ఆకలి వేయదు. మీ బావగారు నాకు ఆకలి వేయకపోతే తన భోజనం ఆలస్యమవుతుందని గొణుగుతారు.

ఇప్పుడు అసలు సంగతి. వాళ్ళ పెద్ద వాల్‌పోస్టరు రెండు కాగితాలుగా అచ్చయ్యేది. పై సగం ఒకటి, కింది సగం ఒకటి. గోడ మీద అంటించేవాడు రెండూ కలిపేవాడు. రెండేళ్ళ కిందట నేపుల్స్‌లో ఒక ముసలి దుకాణదారు దగ్గర నాకు పై సగం దొరికింది, పోస్టులో పంపించాడు. పసుపు జాకెట్టు వేసుకున్న ఒకామె తల పైకెత్తి నవ్వుతోంది. అంత నవ్వు నేను ఏ బొమ్మలోనూ చూడలేదు. ఆమె చేతులు రెండూ నడుము దగ్గరికి దిగాయి, ఏదో పట్టుకున్నాయి. సరిగ్గా అక్కడ కాగితం అయిపోయింది. సినిమా పేరు కూడా కింది సగంలోనే ఉండిపోయింది. చెంప పక్కగా కింది అంచు దాకా నిలువునా ఒక సన్నటి తెల్లగీత ఉంది, అది మడత పడిన మచ్చ, పోదు.

ఆమె చేతుల్లో ఏముందిరా? మీ బావగారు కూరగాయల సంచి అంటారు. మా పనిమనిషి సంతోషి "కత్తి పట్టుకుందమ్మా, గా నవ్వు చూడు జర" అంటుంది. నాకు నిద్ర పట్టడం లేదు.

అల్మాస్‌గూడలో ఇల్లు పూర్తి కావస్తోంది. హాల్లో ఒక గోడ ఈ పోస్టరు కొలతకే వదిలించాను. అక్కడ కిటికీ పెట్టాలని మీ బావగారి పట్టు. చివరికి ఒప్పందం కుదిరింది. ఆగస్టు పదిహేనున గృహప్రవేశం. ఆ రోజుకి కింది సగం వస్తే గోడ నాది, రాకపోతే కిటికీ ఆయనది. నేపుల్స్ ముసలాయన తన దగ్గర లేదని చేతులెత్తేశాడు. నా గోడ పోయేలా ఉంది.

నీ స్టాంపుల స్నేహితుడు ఒకాయన ఇటలీలో ఉన్నాడు కదా, ఆయన్ని అడుగు. నువ్వు నాకు బాకీ. పన్నెండేళ్ళ వయసులో నేను దాచుకున్న నూట నలభై రెండు సినిమా పాంప్లెట్లనీ గాలిపటాలు చేసి బందరు ఆకాశం పాలు చేసిన వెధవవి నువ్వే.

పోస్టరు ఫోటో ఇందులో పెడుతున్నాను. సీతను అడిగానని చెప్పు.

సగం ప్రాణంతో,
అక్క

*

అవనిగడ్డ
12 జూన్ 2024

అక్కయ్యకు నమస్కారాలు.

నీ ఉత్తరం ఎనిమిది రోజులు తిరిగింది. పిన్‌కోడ్‌లో చివరి అంకె తప్పు. తపాలా వాళ్ళ పేరు పెట్టిన కాలనీలో కాపురం ఉంటూ పిన్‌కోడ్ తప్పు వేసే మనిషివి దేశం మొత్తం మీద నువ్వొక్కతెవే. స్టాంపు కూడా వంకరగా అతికించావు. డ్రాయింగు టీచరువి, గీత తిన్నగా ఉండక్కర్లేదా?

ఇటలీలో కార్లో గారికి నీ ఫోటో కాపీ తీయించి పెట్టి ఈరోజే రాశాను. మా స్నేహం ముప్ఫై ఏళ్ళది. ఆయన ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ అంతంత మాత్రమే కాబట్టి ఇంతవరకూ ఒక్క తగాదా రాలేదు. ఆయనకి ఎనభై దాటాయి, జవాబు రావడానికి టైం పట్టొచ్చు.

ఆమె చేతుల్లో ఉన్నది చేప. ఇందులో ఆలోచించడానికి ఏముంది? ఇటలీ చుట్టూ సముద్రం. అంత సంతోషంగా నవ్వుతోందంటే ఒడ్డున మంచి చేప దొరికిందన్నమాట. సీత కూడా చేపే అంది, కాకపోతే నేను చెప్పాక అంది.

పాంప్లెట్ల గొడవ యాభై ఏళ్ళుగా వింటున్నాను. ఎనిమిదేళ్ళ పిల్లాడికి పాంప్లెట్ అంటే ఏం తెలుసు? పల్చటి కాగితం, గాలికి బాగా లేచేది. అయినా తప్పు తప్పే. నీ గోడకి కిటికీ పడనివ్వను. ఇది రిటైర్డ్ సబ్ పోస్టుమాస్టరు మాట.

నీ తమ్ముడు,
విశ్వేశ్వరరావు

*

దిల్‌సుఖ్‌నగర్
30 జూన్ 2024

విశ్వం,

పిన్‌కోడ్ ఈసారి మూడుసార్లు సరిచూశాను. స్టాంపు స్కేలు పెట్టి అతికించాను. సంతోషమేనా?

నాకొక గొప్ప మనిషి దొరికాడు. అల్మాస్‌గూడలో మన ఇంటి ఎదురుగా అండాలమ్మ టీ కొట్టు ఉంది. ఆమె భర్త రామస్వామి. నల్గొండ పక్కనుంచి వచ్చి, ఫ్లెక్సీలు వచ్చేదాకా నలభై ఏళ్ళు గోడలకి సినిమా పోస్టర్లు అంటించాడట. "కొత్తపేట కాడికెల్లి ఎల్‌బీ నగర్ దాంక నేను పోస్టర్ అంటియ్యని గోడ లేదమ్మా" అన్నాడు. నాకు ఆయన కాళ్ళకి దండం పెట్టాలనిపించింది. నేను గోడల మీద బొమ్మలు చూస్తూ పాఠాలు చెప్పడానికి బడికి నడిచిన రోజుల్లో ఆ బొమ్మలు పెట్టింది ఈయనే.

పై సగం చూపించాను. చూడలేదు, విన్నాడు. కాగితం అంచు రెండు వేళ్ళ మధ్య పట్టి చెవి దగ్గర ఆడించాడు. "పాత కాగితం. గలగల అంటలేదు" అన్నాడు. తర్వాత నా మడత మచ్చ చూసి, వెనక్కి తిప్పి చూసి, "గిది మడత కాదమ్మా. మడతయితే ఎన్క గూడ కనవడ్తది. గిది బ్రష్‌తోని గీసిండు" అన్నాడు. ముప్ఫై ఏళ్ళు డ్రాయింగు చెప్పిన నాకు గీతేదో మచ్చేదో తెలియదా? పోనీలే, పెద్దమనిషి అని ఊరుకున్నాను.

గోడకి నేరుగా అంటించకుండా, చెక్క చట్రానికి నూలుగుడ్డ బిగించి దాని మీద మైదా జిగురుతో అంటిస్తాడు. తడిపితే మళ్ళీ ఊడొస్తుందట. విదేశాల్లో పెద్ద పెద్ద మ్యూజియంల వాళ్ళూ పిండి జిగురే వాడతారని నేను చదివాను. ఆ మాట చెబితే, "నన్నడిగితే ఎప్పుడో చెప్తుంటి గదా" అన్నాడు.

మీ బావగారు నిన్న వడ్రంగిని వెంటబెట్టుకొచ్చారు. నా గోడ ముందు నిలబడి, "గోడకి ఊపిరాడటం లేదు కుసుమా, చూడు పాపం" అంటూ టేపు పెట్టి కొలిపించారు. కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. కార్లో గారి దగ్గర్నుంచి ఏమైనా వచ్చిందా? ఇంక ఆరు వారాలే ఉంది.

కంగారులో,
అక్క

*

అవనిగడ్డ
20 జూలై 2024

అక్కయ్యకు నమస్కారాలు.

ఎక్కువ రాయడానికి లేదు. కింది సగం వచ్చింది. కార్లో గారు పంపించారు. ఆయన గొట్టం దారిలో నలిగిపోయింది, అందుకని నేను కొత్త గొట్టంలో పెట్టి స్పీడ్ పోస్టులో పంపిస్తున్నాను. చేపే. నేను చెప్పలేదూ?

వడ్రంగిని పంపించెయ్యి. ఎక్కువ మందికి చూపించొద్దు, పాత కాగితం కదా, దిష్టి తగులుతుంది.

విశ్వం

*

దిల్‌సుఖ్‌నగర్
28 జూలై 2024

నా బంగారు తమ్ముడికి,

గొట్టం విప్పి నేల మీద పరిచాను. పరిచీ పరచగానే అక్కడే కూలబడ్డాను. సంతోషి మంచినీళ్ళు తెచ్చి ముఖాన చల్లింది.

ఎంత అందమైన చేప. మొప్పలూ, పొలుసులూ, ఆ తోక మెలికా. అచ్చం మన పండుగప్పలా ఉంది. ఇటలీ సముద్రంలో పండుగప్ప దొరుకుతుందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. మీ బావగారు కళ్ళజోడు తుడుచుకుని పది నిమిషాలు చూసి, "పులుసుకి బ్రహ్మాండంగా ఉంటుంది" అన్నారు. వడ్రంగిని ఆయనే పంపించేశారు.

ఆమె పాదాలు చూశాను. రెండో వేలికి వెండి మెట్టెలు ఉన్నాయి. ఇటలీ ఆడవాళ్ళు మెట్టెలు పెట్టుకునేవారని ఏ పుస్తకంలోనూ లేదు విశ్వం. ఇది మామూలు సంగతి కాదు. ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో లెక్చరరు బిందుమాధవి నాకు తెలుసు. ఆమెను గృహప్రవేశానికి పిలిచాను, తన విద్యార్థుల్ని కూడా తెస్తానంది. వాళ్ళందరి ముందూ "ఇటలీలో మెట్టెల ఆచారం" అని ఒక వ్యాసం చదువుతాను. నాలుగు పేజీలు ఇప్పటికే రాశాను.

సినిమా పేరు ఎర్ర అక్షరాల్లో ఎంత బాగుందో. అర్థం తెలియదు గానీ గొప్ప ప్రేమకథే అయి ఉండాలి.

పుట్టింటి చీరతో నువ్వూ సీతా ముందురోజుకే దిగాలి. అందరికీ నిన్ను చూపించి, ఇది తెప్పించింది వీడే అని చెప్పాలి.

ఆనందం పట్టలేక,
అక్క

*

అవనిగడ్డ
13 ఆగస్టు 2024

అక్కయ్యా,

సీత ఒక్కతే బస్సెక్కింది. నాకు మోకాలు నొప్పి. ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో వేస్తున్నాను, సీత చేతికివ్వడానికి ధైర్యం చాల్లేదు. పదిహేనో తారీఖు పొద్దున వ్యాసం చదవబోయే ముందే నీకు అందాలి. దయచేసి నిలబడి కాదు, కూర్చుని చదువు.

ఆ కింది సగం ఇటలీది కాదు. ఇక్కడిదే.

కార్లో గారి నుంచి మూడు వారాలైనా జవాబు రాలేదు. నీ ఉత్తరంలో వడ్రంగి టేపు సంగతి చదివాక నాకు అన్నం సహించలేదు. బందరులో గోపయ్య గారని ఉన్నారు, ఒకప్పుడు సినిమా హాళ్ళకి బ్యానర్లు రాసేవారు. డెబ్భై ఆరేళ్ళు. ఆయన ఇంటికి పదిహేను రోజులు తిరిగాను. ఫోటో చూసి, "ఈవిడ నవ్వు వేసినాయన ఎవరో గానీ చెయ్యి తిరిగినవాడు, ఆయన కింద వేయడం నాకు గౌరవం" అన్నారు. ఒక చేప వేయండి అన్నాను. ఏ చేప అనేది నేను చెప్పలేదు, ఆయన తనకు తెలిసిన చేప వేశారు. మెట్టెలు నేను ఆఖరి రోజు చూశాను. ఇదేంటండీ అంటే, "అంత కళగా నవ్వే మనిషి సంసారపక్షంగా ఉండొద్దా?" అన్నారు. సరే, ఉంచెయ్యండి అన్నాను.

ఇంక సినిమా పేరు. నాకు తెలిసిన ఇటలీ అక్షరాలు స్టాంపుల మీదివే. అందంగా ఉన్నాయని ఒక పాత స్టాంపు మీదివి చూపించాను, ఆయన పెద్దవి చేసి రాశారు. దానర్థం ఇటలీ తపాలా శాఖ.

కాగితాన్ని టీ డికాక్షన్‌లో ముంచి పాతది చేశాం. నిన్ను మోసం చేయాలని కాదక్కయ్యా. ఆ గోడకి కిటికీ పడితే నువ్వు రోజూ ఆ కిటికీ చూస్తావనే బాధ. కానీ ఇప్పుడు నీ వ్యాసం తలుచుకుంటే భయమేస్తోంది. కాలేజీ పిల్లలు నవ్వుతారు. పాంప్లెట్లు ఎగరేశాను, ఇప్పుడు నీ పరువు ఎగరేశాను. వ్యాసం చించెయ్యి. నన్ను తిట్టు.

విశ్వం

*

అల్మాస్‌గూడ, కొత్త ఇల్లు
18 ఆగస్టు 2024

విశ్వం,

నీ ఉత్తరం పదహారున వచ్చింది. ఆగస్టు పదిహేను తపాలా సెలవు. నలభై ఏళ్ళు ఆ కుర్చీలో కూర్చుని ఆ సంగతి మర్చిపోయిన పోస్టుమాస్టరువి నువ్వొక్కడివే. ఇది నా పిన్‌కోడ్‌కి బదులు.

మోకాలికి నూనె పంపుదామనుకుంటుంటే సీత చెప్పింది, "ఆయన మోకాలికి రోగమేంటి వదినా, పొద్దున్నే సైకిలేసుకుని చేపల బజారుకి వెళ్ళొచ్చారు" అని. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని ఇంట్లో కూర్చున్నావన్నమాట.

ఒరేయ్, నా దగ్గర ఇరవై మూడు గొట్టాలున్నాయి. ప్రతి గొట్టం మీదా ఇటలీ తపాలా శాఖ పేరు అచ్చువేసి ఉంటుంది. ఆ రెండు మాటలూ నాకు నా పేరుకంటే బాగా తెలుసు. గొట్టం విప్పగానే ముందు అదే చదివాను. నేను కూలబడింది నవ్వలేక. సంతోషి నీళ్ళు చల్లింది కూడా అందుకే. రామస్వామి కాగితాన్ని చెవి దగ్గర పెట్టుకుని, "అమ్మా, గిది మొన్నటి కాగితం. చాయ్ వాసనొస్తుంది" అన్నాడు. టీ కొట్టు ఆయన దగ్గరా నీ డికాక్షన్ వేషాలు? పై సగంలోని తెల్లగీత కింద కలవలేదని కూడా చూపించాడు.

వ్యాసం ఒక్క పేజీ కూడా రాయలేదు. నిన్ను ఏడిపించాలనే రాశాను. నువ్వు వారంలో ఒప్పుకుంటావనుకుంటే పదహారు రోజులు బిగబట్టావు.

నవ్వు ఆగాక ఏడ్చాను, అది కూడా చెప్పాలి. స్టాంపులు తప్ప దేనికీ గుమ్మం దాటని నువ్వు నా గోడ కోసం పదిహేను రోజులు బందరు బస్సెక్కావు.

గోపయ్య గారి సంగతి నీ ఉత్తరం రాకముందే, అడగగానే సీత చెప్పేసింది. గృహప్రవేశం రోజు అందరూ భోజనాలకి లేచే ముందు నిలబడి చెప్పాను. పై సగం ఇటలీది, వేసినాయన పేరు తెలియదు. కింది సగం బందరుది, వేసింది గోపయ్య గారు, వేయించింది మా తమ్ముడు. పాలు పొంగినప్పటికంటే ఎక్కువ గోల చేశారు. పిల్లలు మెట్టెల ముందు నిలబడి సెల్ఫీలు తీసుకున్నారు. గోపయ్య గారు వచ్చి మా విద్యార్థులకి చేప వేయడం నేర్పుతారా అని బిందుమాధవి అడిగింది.

మీ బావగారు మాత్రం అన్నీ విని, "అయితే ఒప్పందం ప్రకారం రాలేదన్నమాట" అన్నారు. చేప మీద మోజు కొద్దీ దసరా దాకా గడువిచ్చారు. అప్పటికి నిజమైనది రాకపోతే కిటికీయే. కాబట్టి నీ పని ఇంకా అయిపోలేదు.

నిన్ను ఏమీ తిట్టని,
అక్క

*

అవనిగడ్డ
11 సెప్టెంబరు 2024

అక్కయ్యా,

నీ ఉత్తరం ఆరుసార్లు చదివాను. గోపయ్య గారికి చదివి వినిపిస్తే కుంచెలు నానబెట్టుకున్నారు, హైదరాబాదు ప్రయాణమట.

నిన్న ఇటలీ నుంచి గొట్టం వచ్చింది, విడిగా ఒక ఉత్తరంతో. ఈసారి నిజంగా. కార్లో గారు తుంటి ఎముక విరిగి మంచాన పడ్డారట, అందుకే ఆలస్యం. పసుపు జాకెట్టు ఆమెను ఫోటోలో చూడగానే గుర్తుపట్టారట. పెళ్ళికి ముందు తన భార్యతో చూసిన సినిమా. లేచి నడవగలిగిన మర్నాడే వాళ్ళ ఊళ్ళో మూతబడిన సినిమా హాలు అటక వెతికించారు. బదులుగా మన నెమలి స్టాంపు ఒకటి చాలన్నారు.

నేను విప్పలేదు, ఉన్నదున్నట్టు నీకు పంపిస్తున్నాను. కస్టమ్స్ వాళ్ళ టేపు అలాగే ఉంది, చూసుకో. ఆమె చేతుల్లో ఏముందో ముందు నువ్వే చూడాలి. నేను చెప్పింది చేప అని మాత్రం మర్చిపోకు.

విశ్వం

*

అల్మాస్‌గూడ
17 సెప్టెంబరు 2024

విశ్వం,

చేప కాదు. కత్తి కాదు, కూరగాయల సంచీ కాదు.

రామస్వామినీ అండాలమ్మనూ పిలిచి, మీ బావగారిని కుర్చీలో కూర్చోబెట్టి విప్పాను. రెండు సగాలూ అంచులు కలిపి పెట్టాం. ఆమె చేతుల్లో దారపు కండె ఉంది. దారం కండె నుంచి లేచి, ఆమె చెంప పక్కగా పైకి వెళ్ళి కాగితం దాటిపోయింది. రెండేళ్ళుగా నేను మడత మచ్చ అని తిట్టుకున్న తెల్లగీత అదే. రామస్వామి నా వైపు చూసి, "నేను చెప్పలేదా అమ్మా, బ్రష్‌తోని గీసిండని" అన్నాడు. ముప్ఫై ఏళ్ళ డ్రాయింగు టీచరు తల దించుకుంది.

ఆమె గాలిపటం ఎగరేస్తోందిరా. గాలిపటం బొమ్మలో లేదు, ఎక్కడో పైన ఉంది. అందుకే తలెత్తి అలా నవ్వుతోంది.

గోడ నాదైపోయింది. మీ బావగారు "చేపే బాగుండేది" అని ఒక్క మాట అని ఒప్పుకున్నారు. సినిమా పేరు కూడా తెలిసింది, పలకడమే రావడం లేదు.

నీకు ఎప్పుడూ చెప్పని మాట ఒకటి చెబుతాను. ఆ రోజు బందరులో నేను అంత ఏడ్చింది పాంప్లెట్లు పోయినందుకు కాదు. నన్ను డాబా మీదికి పిలవకుండా నువ్వొక్కడివే ఎగరేసుకున్నందుకు. కింద వాకిట్లో నిలబడి చూశాను. నా పాంప్లెట్లు అంత ఎత్తుకి వెళతాయని నాకు తెలియదు.

గోపయ్య గారి కింది సగాన్ని రామస్వామి తడిపి, ఎక్కడా చిరగకుండా గుడ్డ మీంచి ఊడదీశాడు. ఆరబెట్టి ఉంచాను. పల్చటి కాగితం, గాలికి బాగా లేస్తుంది. గోపయ్య గారు ఒప్పుకుంటే దాన్ని గాలిపటం చెయ్యాలి. అది ఎగిరి దిగాక చేపను భోజనాల బల్ల పైన వేలాడదీయాలని మీ బావగారి షరతు. కత్తెర నేను పట్టలేదు, ఆ విద్య నీకే తెలుసు. ఇక్కడ డాబా ఉంది, సాయంత్రం మంచి గాలి వస్తుంది. ఎల్‌బీ నగర్‌లో బస్సు దిగి ఫోన్ చెయ్యి, ఉత్తరం రాయకు.

వచ్చేటప్పుడు దారం తీసుకురా.

అక్క